వెనక సీట్లో కూర్చునేవాళ్లు

“బస్తాకు నడుముంటదా?” అని కరుణ అప్పటికి మూడోసారి అడిగింది.

“నడుము సంగతి కాదే, జారుడు సంగతి,” అన్నాడు సైదులు పళ్లెంలోంచి తల ఎత్తకుండానే. “వెనుక సీట్ల రెండు పత్తిగింజల బస్తాలు పెట్టి చండూరు దాక పోయొచ్చిన. ఎంత మూల తిప్పినా జానెడు జరగలె. బస్తాలే జరగకపోతె అమ్మెందుకు జరుగుతది?”

“జరగదు. ఎగురుతది. బస్తా ఎగిరిపడ్డా ‘అమ్మా’ అనది గద, నీకెట్ల తెలుస్తది?”

పక్కనే తింటున్న పూజకు నవ్వొచ్చి జొన్నరొట్టె గొంతుకు అడ్డం పడింది. తండ్రి ఉరిమి చూశాడు. అవ్వ గోపమ్మ మాత్రం గోడవారగా తన కుర్చీలో కూర్చుని, ఇదంతా ఎవరి గురించో అన్నట్టు పాలల్లో రొట్టె నానేసుకుంటోంది.

సైదులు కోపమంతా బస్తాల గురించి కాదు. నిన్న కరుణ అతనితో ఒక్క మాట చెప్పకుండా, కూతుర్ని వెంటబెట్టుకుని, ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు పట్టుకుని నల్లగొండ బస్సెక్కింది. కారు పని చేసిన మెకానిక్ ప్రేమ్‌సాగర్‌ను కలిసి, కొత్తగా వేసినవన్నీ తీసేయమని అడిగింది. అతను ‘సరే మేడం’ అన్నాడు. ఆమె షెడ్డు దాటిందో లేదో సైదులుకు ఫోన్ చేశాడు. ‘సార్, మేడం వచ్చి ఇట్లంటున్నరు, తియ్యమంటరా?’ అని. మర్రిగూడలో బోరు మోటార్ల షాపు నడుపుతూ, చప్పుడు విని మోటారు జబ్బు చెప్పే మనిషి సైదులు. తను చేయించిన పనిని పెళ్లామే తప్పుపట్టిందంటే అతనికి తల కొట్టేసినట్టయింది.

కరుణకు అంతకు రెండింతలు మండింది. కూర్చునేది ఆడవాళ్లు. ఒళ్లు హూనమయ్యేది ఆడవాళ్లకు. తియ్యాలో వద్దో చెప్పాల్సింది మాత్రం సారు!

అసలు చిక్కేమిటంటే, సైదులు ఆ పని తల్లి మీద ప్రేమతోనే మొదలుపెట్టాడు. గోపమ్మ నడుమూ మెడా ఈ నేలలోని ఫ్లోరైడ్ నీళ్లకు ఎప్పుడో బిగుసుకుపోయాయి. వంగలేదు, పక్కకు తిరగలేదు. సోమవారం, గురువారం నల్లగొండ తీసుకుపోయి నడుముకు కరెంటు పెట్టించి, కాళ్లకు ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారు కాబట్టి ఇంట్లో తన పనులు తాను చేసుకుంటోంది. మానేస్తే మోకాళ్లు పట్టేస్తాయని, ఒకసారి మంచాన పడితే మళ్లీ నడిపించడం కష్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కారేమో పదిహేడేళ్లది. చక్రాల దగ్గరుండే రబ్బరు బుష్‌లు పగిలిపోయి, మలుపు తిరిగితే చాలు బండి ఒక పక్కకు ఒరిగేది. గోపమ్మ ఆపుకోలేక తలుపు మీదికి పడేది. ఒకసారి అద్దంలో అది చూసి సైదులు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశాడు. పాత రబ్బరువి పీకించి ఎర్రటి గట్టి బుష్‌లు వేయించాడు. బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ రాడ్ ముందువైపు లావుది మార్పించాడు. వెనకవైపు అసలు లేదు, అక్కడ కూడా కొత్తది బిగించమన్నాడు.

బండి ఒరగడం మానింది. కానీ చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ ఇప్పుడు సీటులోకి, సీటులోంచి గోపమ్మ వెన్నులోకి నేరుగా వచ్చేది. ముందు స్టీరింగ్ పట్టుకున్న సైదులుకు ఇవేమీ పట్టలేదు, కొత్త పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

“ఎట్లుందే అమ్మా?” అని అద్దంలోంచి అడిగాడు.

“మంచిగుంది బిడ్డ.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గోళ్లు కరుణ అరచేతిలో దిగబడి ఉన్నాయి.

ఆ తర్వాతి గురువారం “ఈ బేస్తారం వద్దు తియ్యి” అంది. సోమవారం “పానం మంచిగనే ఉంది” అంది. అలా నాలుగుసార్లు తప్పించుకుంది. మొన్న ఆమె గోడ పట్టుకుని బాత్రూంకు పోతుంటే కరుణ ఇక ఆగలేక, కారులో నొప్పికి భయపడేనా అని అడిగేసింది.

“వానికి జెప్పకు బిడ్డ,” అంది గోపమ్మ. “నా కోసమని ఏపిచ్చిండు. మా అమ్మ కోసం జేపిచ్చిన అని ఊరంత జెప్పుకున్నడు.”

“ఆయన మనసు నొవ్వొద్దని నువ్వు మంచాన పడ్తవా అత్తా?”

“ఇంకా పడలె గద.”

ఆ జవాబు విన్నాకే కరుణ నల్లగొండ పోయింది. ప్రేమ్‌సాగర్ చెడ్డవాడేం కాదు. చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గానే చెప్పాడు. రబ్బరైతే గుంత దెబ్బను సగం తానే మింగుతుంది, గట్టి బుష్ మింగదు. రాడ్ రెండు చక్రాలను కలిపి పట్టుకుంటుంది కాబట్టి ఒకటి గుంతలో పడితే రెండోదాన్ని కూడా గుంజుతుంది. “కొత్త రబ్బర్లు ఏసుకుంటె సాలని అప్పుడే అన్న మేడం. సార్ బండి ఊగొద్దన్నడు గని, నడుము పట్టేసిన పెద్దమనిషి కూసుంటదని జెప్పలె.”

అదీ సంగతి. ఎవరి కోసమైతే ఇంత పని జరిగిందో ఆ మనిషి మాట ఆ షెడ్డులో ఎక్కడా రాలేదు.

“ఆ మెకానిక్ జెప్తె నిజం, నేను జెప్తె అబద్ధమా?” అంటూ సైదులు ఇప్పుడు చెయ్యి కడుక్కున్నాడు. “అమ్మ ఒక్కసారన్న నొస్తుందన్నదా? రెండు వారాల సంది దవాఖానే వద్దంటుంది. ఎందుకు? ఊగుడు బందైంది, నడుము కుదురుకుంది. సాఫ్ కనబడ్తనే ఉన్నది గద!”

కరుణ తల కొట్టుకుంది. అత్త దాచుకున్న నొప్పిని ఈయన నయమైనట్టు చెప్పుకుంటున్నాడు!

సైదులు జేబులోంచి ఫోన్ తీశాడు. “మీ టైం వేరేటోళ్లకు ఇయ్యాల్నా అని డాక్టరమ్మ నిన్న అడిగింది. ఇచ్చెయ్యమని జెప్త. ఇంట్ల లొల్లి ఒడుస్తది.”

“ఫోన్ కింద పెట్టు,” అంది కరుణ. “నిన్ను వెనుక సీట్ల కూసోవెట్టి నేను నడుపుత. అప్పుడు జెప్పు నొస్తదా లేదా.”

“నీకు నడుపరాదు.”

“రాకపోవుడే మంచిది. ఒక్క గుంత ఇడిచిపెట్ట.”

“బాపూ,” అంది పూజ, ఈసారి నవ్వకుండా. “అవ్వను అడుగు. అద్దంలకెల్లి కాదు, ఎదురుంగ కూసోని అడుగు.”

“అడుగుత. నాకేమన్న భయమా?” సైదులు పీట లాక్కుని తల్లి కుర్చీ ముందు కూర్చున్నాడు. “అమ్మా, ఈళ్ల నోర్లు మూతపడేటట్టు నువ్వే జెప్పు. కార్ల పోతె నీకు నొస్తుందా? దవాఖాన బందుపెట్టమందునా?”

కరుణ ముఖం తిప్పుకుంది. ఏమంటుందో ఆమెకు తెలుసు. ‘మంచిగుంది బిడ్డ’ అంటుంది. డాక్టరమ్మకు ఫోన్ పోతుంది. రెండు నెలలు తిరిగేసరికి ఈ కుర్చీ ఖాళీ అయి ఆ మూలన మంచం పడుతుంది. నోరు తెరిచి చెప్పనందుకు అత్త మీద, చెప్పనివ్వనందుకు మొగుడి మీద, ఇద్దరి మీదా ఒకేసారి కోపం ముంచుకొచ్చింది.

గోపమ్మ పాలగిన్నె ఒడిలో పెట్టుకుంది. కొడుకు ముఖాన్ని చూసింది, అతని చేతిలో ఫోన్‌ను చూసింది. మంచినీళ్లు అడిగినంత మెల్లగా, అందరికీ వినబడేలా చెప్పింది:

“నా టైం ఎవలకు ఇయ్యొద్దని డాక్టరమ్మకు జెప్పు. మంచిగుంది అన్నది నీ మొఖం జూసి అన్న, నా నడుము జూసి కాదు. రేపు బేస్తారం నేను బస్సుల ముందు సీట్ల కూసోని పోత, కరుణ తోడొస్తది. నువ్వు రబ్బర్లు ఏపిచ్చిన నాడు నీ కారెక్కుత బిడ్డ. అందాక ఎక్క.”