తూరుపులంక నొక్కితే

నేను ఒక మొబైల్ ఫోన్‌ని. ఏదో ఊరి ఫ్యాక్టరీలో, తలకి టోపీలు పెట్టుకున్న అమ్మాయిల చేతుల్లో పుట్టాను. మొదట ఓ పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర ఉన్నాను. ఆయన నాలోంచి ఆడిన అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు. గాజు పగిలాక సెకండ్ హ్యాండ్ షాపులో పడి, చివరికి గోదావరి లంకల్లో ఆశా వర్కర్‌గా చేసే వీరమణి చేతికొచ్చాను. వానొస్తే ఆవిడ తను తడిసినా నన్ను తడవనిచ్చేది కాదు.

వరదలప్పుడు కాన్పులకి పడవ పిలవడానికి ఓ యాప్ ఇచ్చారు. అందులో ఊళ్ళ జాబితా ఉంటుంది. ఊరు వెతికి నొక్కితే ఆ పేరు పడవవాళ్ళకి పోతుంది. ఆ శ్రావణంలో వీరమణి ఊరు తూరుపులంకలోనే దుర్గాభవానికి నొప్పులొచ్చాయి. తొలికాన్పు. వీరమణి 'తూ' అని కొట్టింది. తెర మీద తూరుపులంక ఒక్కటే మిగిలింది. నొక్కింది. పడవ బయల్దేరిందని చూపించాను.

మనుషులు పేరు చూస్తారు. యాప్ వరుస చూసింది. తెర మీద మొదటిది నొక్కారు కదా అని, మొత్తం జాబితాలో మొదటున్న అక్కులపాలెం పేరు తీసి పంపింది.

"ఇక్కడెవరూ లేరమ్మా," అన్నాడు పడవ సరంగు ఫోన్లో. "అక్కులపాలెం రమ్మన్నారుగా?"

"నేను మా ఊరే నొక్కానండి," అంది వీరమణి.

పడవ వచ్చేసరికి బిడ్డ పుట్టింది. ఏడవలేదు. దుర్గాభవాని కూడా ఏడవలేదు, గోడకేసి తిరిగి పడుకుంది. వీరమణే తప్పు నొక్కిందని ఊరంతా అంది. ఆవిణ్ణి గడపలోకి రానివ్వడం మానేశారు.

ఆవిడ నన్ను పట్టుకుని కాకినాడలో యాప్ రాసిన ఫణీంద్ర ఆఫీసుకి వెళ్ళింది. అతను యాప్ కోడ్ తెరిచి చాలాసేపు వెతికాడు.

"నేను పరీక్షించినప్పుడు జాబితాలో నాలుగే ఊళ్ళండి. వెతికే పని లేకపోయింది," అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కోడ్‌లో ఒక్క లైను మార్చాడు. నొక్కమన్నాడు. ఆవిడ నొక్కింది. తూరుపులంక అనే వచ్చింది.

"అప్పుడూ ఇదే నొక్కాను కదా బాబూ?"

"ఇదే నొక్కారండి."

"ఆ మాట మా ఊరొచ్చి చెప్తావా?"

అతను తలొంచుకున్నాడు. ఆవిడ నన్ను బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ ఆఫీసు సొరుగులో ఉంటాను. నాకు బాధేం లేదు, ఉండాలని కూడా తెలీదు. కొత్త యాప్ రాసినప్పుడల్లా ఫణీంద్ర నన్ను తీసి, ఆ పాత పడవ యాప్‌లో 'తూ' అని కొట్టి, తూరుపులంక నొక్కుతాడు. ప్రతిసారీ తూరుపులంకే వస్తుంది. పడవ మాత్రం ఎక్కడికీ బయల్దేరదు.