పక్క సీటు లేని కారు

బుజ్జమ్మకు నలభై రెండేళ్లు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే అన్నయ్యే పెంచాడు. పెళ్లి వద్దనుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అన్నయ్య, వదిన, కాలేజీకి వెళ్లే మేనకోడలు, తను. ఆ ఇంట్లో ఆమెకు ఏ లోటూ లేదు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లి ఎరగదు, అంతే. దుకాణం పని మీద తప్ప ఎక్కడికి వెళ్లినా పక్కన ఎవరో ఒకరు ఉండేవారు.

ఆ వేసవిలో దుకాణం ఉన్న భవనానికి కరెంటు తీగలన్నీ మార్చాల్సి వచ్చింది. నెలాఖరు నుంచి రెండు వారాలు మూసేస్తున్నామనీ, సగం జీతమే ఇవ్వగలననీ ఓనరు చెప్పాడు. పనివాళ్లంతా ఉసూరుమన్నారు. బుజ్జమ్మ మాత్రం అద్దం అంచు అరగదీసే యంత్రం ఆపేసి అలాగే నిలబడిపోయింది. నిరుడు కొన్న పాత చిన్న కారొకటి ఉంది తనకు. ఇల్లూ దుకాణం మధ్య తప్ప ఆ కారు ఇంకో రోడ్డు మొహం చూడలేదు. సముద్రం దాకా వెళ్లి, కొండల దారిలో తిరిగి వస్తే? ఒక్కతే?

ఆ ఆలోచన వచ్చాక ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు.

సగం జీతంతో యాత్ర అంటే మాటలు కాదు. హోటల్ గదుల ధరలు చూసి కళ్లు తేలేసింది. పెట్రోలు ఎలాగూ తప్పదు. తగ్గించుకోగలిగింది పడకా, తిండీ. పడక కారులోనే వేసుకోవాలనుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అతను లోపలికి తొంగిచూసి, ముందు వైపు పక్క సీటు తీసేస్తే కాళ్లు బార్లా చాపుకోవచ్చన్నాడు.

"మరి పక్కన ఎవరైనా కూర్చోవాలంటేనో?" అని కూడా అడిగాడు.

"ఎవరూ కూర్చోరు" అంది బుజ్జమ్మ. ఆ మాట నోటితో అన్నాక ఒళ్లు దూదిపింజలా తేలికైపోయింది.

సీటు ఊడదీశారు. ఆ జాగాలో చెక్క పలక పరిచి, పైన పాత పరుపు కోసి వేసింది. దోమతెర ముక్కలు కత్తిరించి కిటికీలకు అమర్చింది. టోల్ గేట్లు తగలని పాత రోడ్డు ఏదో వెతికి పట్టుకుంది. దారిలో ఉన్న పెట్రోలు బంకులకు ముందే ఫోన్లు చేసింది. "ఆడమనిషినండీ, ఒక్కదాన్నే వస్తాను. రాత్రికి కారు అక్కడ పెట్టుకోవచ్చా?" అని అడిగితే, ఒకాయన "దానికేం తల్లీ, మా ఆఫీసు లైటు కింద పెట్టుకో. బాత్రూమ్ కూడా శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. ఆ 'శుభ్రంగా' అన్న మాటకు ఆమె ఆయన్ని మనసులోనే దీవించింది.

ఇదంతా ఇంట్లో చెప్పకుండానే చేసింది. సామాన్లు సర్దుకోవడానికి బీరువా ఖాళీ చేస్తూ, బాగున్న బట్టలు నాలుగు వదిన చేతిలో పెట్టి "నువ్వు వేసుకో, నాకెందుకివి" అంది. వరండాలో కుండీలు చూపించి, "వీటికిక నువ్వే నీళ్లు పోయాలే" అని మేనకోడలికి చెప్పింది.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర బయటపెట్టింది.

"అన్నయ్యా, సెలవుల్లో నేనొక్కదాన్నే కారేసుకుని తిరిగొద్దామనుకుంటున్నా. సముద్రం దాకా."

మతిపోయిందా అంటాడని ఆమె అనుకుంది. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. కానీ అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వదిన అతని వంక చూసింది.

"ఎప్పట్నుంచో చూడాలని ఉందామ్మా?" అన్నాడు మెల్లగా.

"ఉంది. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తా?"

అన్నయ్య కంచం వదిలి లేచాడు. కొళాయి చాలాసేపు పారిన చప్పుడైంది. తిరిగొచ్చి, "వెళ్లమ్మా. నీ ఇష్టం" అన్నాడు. అంతే. బుజ్జమ్మ దాచుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి.

మర్నాటి నుంచి ఇంటి వరస మారింది. వదిన మామూలుగా నోటికి తాళం వేసే మనిషి కాదు. గిన్నె ఒక అంగుళం పక్కకు పెట్టినా కడిగిపారేసేది. అలాంటిది బుజ్జమ్మ పాలు పొంగించి పొయ్యంతా పాడుచేస్తే "పోనీలే, నువ్వెళ్లి కూర్చో" అంది. మేనకోడలు తను ప్రాణంలా చూసుకునే హెడ్‌ఫోన్లు తెచ్చి "దారిలో పాటలు వినత్తా" అని ఒళ్లో పడేసి పరుగెత్తింది. అన్నయ్య మధ్యాహ్నాలు ఫోన్ చేసి తిన్నావా అని అడగసాగాడు. తన ప్రయాణం మాన్పించడానికి ఇదో కొత్త ఎత్తు కాబోలనుకుంది బుజ్జమ్మ. తిడితే ఎదురు చెప్పొచ్చు. ఇలా నెత్తిన పెట్టుకుంటే ఏం చేయాలి?

ఆదివారం మధ్యాహ్నం కారులో పడక ఎలా ఉందో చూద్దామని, ఇంటి ముందు వేపనీడలో కారు పెట్టి లోపల పడుకుంది. గాలి బాగానే ఆడింది. కళ్లు మూతలు పడ్డాయి. కారు ముందు అద్దం దబదబా బాదుతున్న చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. బయట అన్నయ్య. కాళ్లకు చెప్పుల్లేవు. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఎంతసేపట్నుంచి పిలుస్తున్నానే! పలకవేం?"

"నిద్ర పట్టేసిందన్నయ్యా. ఏమైంది?"

అతను కారు మీద చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. "ఏం కాలేదు. నువ్వొక్కదానివే వద్దు. మేమూ వస్తాం. అందరం కలిసి వెళ్దాం."

సాయంత్రానికల్లా వ్యాను మాట్లాడేశాడు. మంచి హోటళ్లలో గదులన్నాడు. ఖర్చు నీకెందుకు, నేను చూసుకుంటానన్నాడు. ఇంటి పైకప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బది. బుజ్జమ్మకు తెలుసు. వద్దనడానికి నోరు తెరిచింది కానీ, జ్వరమొస్తే తనను భుజాన వేసుకుని నడిచిన మనిషి ఎదురుగా నిలబడి "నీకు ఏ ఊరు ఇష్టమైతే అక్కడ ఆగుదాం" అంటుంటే తల ఊపేసింది. ఆ రాత్రి దిండులో మొహం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ఒంట్లో గాలంతా తీసేసినట్టు మాత్రం అనిపించింది.

మర్నాడు దుకాణంలో ఓనరు ఆమె కోసం మెత్తటి దిండున్న కుర్చీ వేయించాడు.

"ఇదెందుకండీ? నిలబడే కదా నేను పని చేసేది."

"మీ అన్నయ్య వచ్చి వెళ్లారమ్మా. నిన్ను ఎక్కువసేపు నిలబడనివ్వొద్దన్నారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏ సాయం కావాలన్నా మొహమాటపడకు. ఒంట్లో ఎలా ఉంది?"

"నా ఒంట్లోనా?"

ఆయన గతుక్కుమన్నాడు. అనకూడనిది అనేశానన్నట్టు లోపలికి జారుకున్నాడు. బుజ్జమ్మ చేతిలో ఉన్న ఫ్రేము బల్ల మీద పెట్టేసి, కారు తాళాలు తీసుకుని తిన్నగా అన్నయ్య పనిచేసే చోటికి వెళ్లింది.

అన్నయ్య లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. ఊరి చివర దుమ్ములో రేకుల గది. దాని కిటికీ ముందు నేలకు సమంగా ఇనుప పలక. లారీ దాని మీదికి ఎక్కగానే లోపల ఎర్ర అంకెలు గంతులేసి ఒకచోట కుదురుకుంటాయి. అన్నయ్య చీటీ చింపి కిటికీలోంచి ఇస్తాడు. ఆమె వెళ్లేసరికి ఇసుక లారీ ఒకటి పలక మీద ఉంది.

"అన్నయ్యా, నాకేమైంది?"

అతను ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఎండలో ఎందుకొచ్చావ్? కూర్చో, నీళ్లు తాగు."

"ముందు చెప్పు. నాకేమైందని ఓనరుతో చెప్పావ్?"

అన్నయ్య ఎర్ర అంకెల వైపు చూపు తిప్పుకున్నాడు. "నిన్ను చూశానమ్మా. పెద్దాసుపత్రిలో. మా లారీ డ్రైవరొకడి తండ్రిని పలకరించడానికి వెళ్లాను. నువ్వు క్యాన్సర్ వార్డు బయట బల్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నావ్. దగ్గరికి వద్దామనుకున్నా. కాళ్లు రాలేదు. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. నువ్వేమో చెప్పలేదు. బట్టలు ఇచ్చేశావ్. మొక్కలు అప్పజెప్పావ్. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తా అన్నావ్..."

అతను చీటీల పుస్తకం మూసేశాడు.

బుజ్జమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. క్యాన్సర్ వార్డు. బల్ల. కళ్లు తుడుచుకోవడం. ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"ఓరి దేవుడా! అన్నయ్యా, నేను కళ్లజోడు ఇవ్వడానికి వెళ్లాను! అక్కడ ఒక పెద్దావిడ ఉంది. ముక్కు మీద పుండైంది, పాత జోడు ఒరుసుకుంటోందని తేలికది చేయించుకుంది. మంచం దిగలేదు కాబట్టి నేనే వెళ్లి బిగించాను. జోడు పెట్టుకోగానే నర్సుని చూసి, 'ఇంత చిన్నపిల్లవా! నీ గొంతు విని మా అత్తగారి ఈడు అనుకున్నానే' అంది. ఆ నర్సు మొహం చూడాలి! నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి కూర్చున్నా. అవి నవ్వితే వచ్చిన కన్నీళ్లు!"

"అయితే నీకు..."

"నాకేం లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. కావాలంటే ఇప్పుడే వెళ్లి అన్ని పరీక్షలూ చేయించుకుందాం పద."

అన్నయ్య కుర్చీ వెతుక్కోలేదు. ఉన్నచోటే, దుమ్ము పట్టిన గచ్చు మీద చతికిలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో ఆమెకు తెలియలేదు. బయట లారీ హారన్ మోగింది.

"సార్! చీటీ!"

"ఉండవయ్యా!" అన్నయ్య కూర్చున్నచోటి నుంచే అరిచాడు. "మా చెల్లెలికి ఏం లేదంట!"

డ్రైవరు కిటికీలోంచి తల లోపలికి పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "చాలా సంతోషం సార్. మరి చీటీ ఇప్పిస్తే నేను పోతా."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వాగలేదు. చీటీ ఇచ్చి పంపాక బుజ్జమ్మకు కోపం కూడా వచ్చింది.

"ఇన్నాళ్లూ నన్ను చూసి లోపల్లోపల కుమిలిపోయారా అందరూ? నోరు తెరిచి ఒక్కళ్లైనా అడగొచ్చుగా?"

"అడిగితే అవునంటావేమోనని."

ఆమెకు ఇక కోపం నిలవలేదు. పక్కనే గచ్చు మీద కూర్చుంది.

కాసేపటికి అన్నయ్య అడిగాడు. "మరి ఒంట్లో బాగున్నప్పుడు ఒక్కదానివే ఎందుకు వెళ్తానంటున్నావ్? మా వల్ల ఏమైనా కష్టం కలిగిందా?"

"అయ్యో, అదేం లేదన్నయ్యా. బాగున్నాను కాబట్టే వెళ్తానంటున్నా. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో ఒక్కసారి నాకు నేను అనుకుని తిరగాలని ఉంది. మీరుంటే నేను అనుకోను. మీరు అనుకుంటారు, నేను సరేనంటా. చిన్నప్పట్నుంచీ అంతేగా."

అతను గచ్చు మీంచి లేచాడు. చేతికంటిన దుమ్ము దులుపుకుంటూ ఆలోచించాడు. తర్వాత ఫోన్ తీసి వ్యాను అతనికి చేశాడు. అడ్వాన్సులో సగం తిరిగి రాదన్నాడట అవతలివాడు. "పోతే పోయింది! నీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి" అన్నాడు అన్నయ్య, నష్టపోయిన మనిషిలా కాకుండా లాటరీ తగిలిన మనిషిలా.

తర్వాత వదినకు చేశాడు. ఆవిడ అరుపు ఫోన్ ఎక్కడో దూరంగా పెట్టినా వినపడేది. సాయంత్రం బుజ్జమ్మ గడపలో కాలు పెట్టగానే అందుకుంది.

"నవ్వితే నవ్వావు, ఇంట్లో కూర్చుని నవ్వలేకపోయావా? ఆసుపత్రిలోనే నవ్వాలా? నా కళ్లు చూడు, ఎలా వాచిపోయాయో! పైగా వ్యాను ఎక్కితే నాకు పేగులు నోట్లోకొస్తాయని తెలుసు కదా. నీకోసం అదీ ఓర్చుకుందామనుకున్నా!" అంటూనే బుజ్జమ్మను గట్టిగా కావలించుకుని వదల్లేదు. "ఆ బట్టలు మాత్రం తిరిగివ్వను. ముందే చెప్తున్నా."

"నా హెడ్‌ఫోన్లు తిరిగిచ్చెయ్యత్తా" అంది మేనకోడలు వెనక నుంచి.

బయల్దేరే రోజు తెల్లవారగానే అన్నయ్య చక్రాల్లో గాలి చూశాడు, ఆయిల్ చూశాడు. చెప్పాలనుకున్న జాగ్రత్తలన్నీ తనలోనే దాచుకున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు. "పొద్దున్నే ఒక మెసేజ్ పెడతావా?"

"పెడతా."

మొదటి రోజు ఆమెకు భయం వేయకపోలేదు. వెనక నుంచి పెద్ద లారీలు హోరుమని వస్తుంటే స్టీరింగు పట్టుకున్న చేతులకు చెమటలు పోశాయి. రెండో రోజు టైరు పంక్చరైంది. దాని ఖర్చు తిండిలోంచి తగ్గించి, పూటంతా బ్రెడ్డుతో సరిపెట్టుకుంది. ఒక రాత్రి వాన దంచికొడితే, లెక్క పక్కనపెట్టి చవక గది తీసుకుంది. ఆ లెక్కకు సంజాయిషీ ఎవరికీ చెప్పనక్కర్లేదని గుర్తొచ్చి మంచం మీద ఒక్కతే నవ్వుకుంది.

సముద్రం దగ్గర ఒక కుటుంబం కలిసింది. పెద్ద బండిలో వచ్చారు. ఆ ఇల్లాలు బుజ్జమ్మను చూసి జాలిపడింది.

"ఒక్కదానివే వచ్చావా అమ్మా? తోడెవరూ లేరా? మేమూ కొండల వైపే వెళ్తున్నాం. మా వెనకే వచ్చెయ్, కలిసి వెళ్దాం."

మంచి మనుషులు. వాళ్లిచ్చిన టీ కూడా బాగుంది. బుజ్జమ్మ కప్పు కడిగి ఇస్తూ, "వద్దండీ, నేనొక్కదాన్నే వెళ్తాను" అంది. దానికి కారణం ఏదీ చెప్పలేదు. చెప్పనందుకు ఆవిడ ఏమీ అనుకోలేదు కూడా. "మంచిది తల్లీ" అని నవ్వి చెయ్యి ఊపింది.

వాళ్ల బండి కనుమరుగయ్యేదాకా బుజ్జమ్మ ఒడ్డునే కూర్చుంది. తర్వాత లేచి, పాదాలకంటిన ఇసుక దులుపుకుని కారెక్కింది. కొండల మొదట్లో రోడ్డు రెండుగా చీలింది. రెండూ పైకే వెళ్తున్నాయి. వెనక బళ్లేవీ లేవు. ఎడమ దారిలో చెట్లు ఎక్కువున్నాయి, నీడగా ఉంది. ఆమె అటు తిప్పింది.