ఐదో కర్ర దగ్గర దిగిపోయిన ఆవిడ

ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి అతను. డిపోలో అందరూ అతన్ని "రైట్‌రైట్ అన్న" అని పిలిచేవారు. అన్నేళ్ళలో ఒకే ఒక్కసారి ఆలస్యంగా వచ్చాడట, అదీ ఆ రోజు సూర్యుడు ఆలస్యంగా పొడిచినందువల్ల. దారి పొడవునా కోళ్ళు అతని హారను విన్నాకే కూసేవని డిపోలో ఇప్పటికీ ఒట్టేసి చెప్తారు. నమ్మితే నమ్మండి, లేకపోతే వెళ్ళి కోళ్ళనడగండి.

అలాంటివాడు రిటైరై ఇంట్లో కూర్చుంటాడా? వంటింట్లోంచి వరండాకి, వరండాలోంచి వంటింట్లోకి ట్రిప్పులు కొట్టాడు. నెల తిరిగేసరికి భార్యకి కళ్ళు తిరిగాయి.

"ఎలాగూ తిరుగుతున్నారు కదా, నన్ను కూడా ఎక్కించుకుని తిరగండి," అంది.

ఆవిడ దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. ఒక కాజా మీద చూపు నిలిపిందంటే పక్కన గోడ కూలినా తలెత్తదు. ఇలాంటి ఇద్దర్ని ఒకే కప్పు కింద ఎవరు కలిపారో గానీ, వాడికి మంచి హాస్యం తెలుసు.

పది రోజుల ప్రయాణం ఏర్పాటైంది. పాత కారు, సముద్రం వెంబడి రోడ్డు, పగలు కొండ అంచున నడక, రాత్రికి ఎవరో ఒక రైతు ఇంట్లో అద్దె గది. బయల్దేరే ముందు ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట. ఈ పది రోజుల్లో ఒక్కసారి నన్ను వదిలేసి ముందుకెళ్ళారంటే నేనక్కడే దిగిపోతా. మీరు ఇంటికెళ్ళండి, నేను మా అక్క దగ్గరికి పోతా. మళ్ళీ వచ్చేది లేదు."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పోయినేడాది ఆవిడ కంటికి ఆపరేషనై, కట్టుతో గోడ తడుముకుంటూ ఆసుపత్రి బయటికొచ్చేసరికి పక్కన మొగుడు లేడు. రోడ్డవతల, కదలబోతున్న బస్సు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "బస్సు పోతుందని..." అన్నాడు. ఆవిడ తడుముకుంటూనే రోడ్డు దాటి బస్సెక్కింది. నాలుగు తిట్టినా బాగుండేది.

మొదటి రాత్రి బాతుల రైతు ఇంట్లో పడుకున్నారు. తెల్లారకముందే ఈయన కారు స్టార్టు చేస్తే, బాతులన్నీ వచ్చి తలుపు దగ్గర వరసకట్టాయి.

"పాపం, ఎక్కించుకుంటారనుకున్నాయి," అంది ఆవిడ ఆవలిస్తూ.

రెండో మకాం ఉల్లితోటలో. కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకున్నాడు. మూడోది మేకలావిడ ఇల్లు. భర్త పోయిన మనిషి, నలభై మేకలతో ఒక్కతే ఉంటుంది. నడక దారి ఆవిడే చెప్పింది.

"కొండ అంచున పసుపు రంగు కర్రలు పాతి ఉంటాయి, తొమ్మిది. ఆఖరిది దీపస్తంభం దగ్గర. వాటిని పట్టుకుని పోండి, దారి తప్పరు."

తొమ్మిది అనగానే మన డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది స్టాపులన్నమాట!

మొదటి నాలుగు కర్రల దగ్గరా భార్య వచ్చేదాకా ఆగాడు. ఆగడమంటే ఏముంది, కాలుగాలిన పిల్లిలా కర్ర చుట్టూ తిరిగాడు. ఐదో కర్ర దగ్గర ఆవిడ అంచున కూలబడి రాతి పగుల్లోకి తొంగి చూసింది.

"ఏవండీ, ఈ పక్షి గూడు చూడండి. పోగు మీద పోగు ఎలా వేసిందో! నేను కూడా ఇంత సన్నగా కుట్టలేను. ఒక్క నిమిషం."

ఒక్క నిమిషం అంది కదా. అతను అరవై లెక్కపెట్టాడు. దయతలచి ఇంకో అరవై లెక్కపెట్టాడు. అప్పుడు ఎవరో రైట్ రైట్ అన్నారు. అన్నది తన నోరేనని అతనికి తెలియలేదు. కాళ్ళు మాత్రం కదిలాయి.

ఆరు, ఏడు, ఎనిమిది. గాలి మొహాన కొడుతోంది, కింద అలలు రాళ్ళని బాదుతున్నాయి, అతనికి నెల రోజుల తర్వాత ఒళ్ళు తేలికైంది. తొమ్మిదో కర్ర మీద చెయ్యి వేసి, "ఆఖరి స్టాపు, అందరూ దిగాలి!" అని వెనక్కి తిరిగాడు.

దిగడానికి ఎవరూ లేరు.

వెనక్కి పరుగెత్తాడు. ఆ పరుగు చూసి గాలే పక్కకి తప్పుకుందంటారు. ఐదో కర్ర దగ్గర గూడుంది, పక్షి ఉంది, ఆవిడ లేదు. అంచు నుంచి కిందికి చూశాడు. నురగ తప్ప ఏమీ కనబడలేదు.

"ఏమేవ్!" అని సముద్రం మీదికి అరిచాడు. పెళ్ళయిన నాటి నుంచీ అలాగే పిలిచాడు మరి. సముద్రం పలకలేదు.

రొప్పుతూ మేకలావిడ ఇంటికి చేరాడు. వాకిట్లో భార్య బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మేకపిల్లకి సీసాతో పాలు పడుతోంది. పక్కన కారులోంచి తీసిన తన బ్యాగు.

అతను అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "పడిపోయావనుకున్నా," అన్నాడు చివరికి.

"దిగిపోయా. చెప్పాగా."

"మరిచిపోయానే."

"నా మాటనా, నన్నా?"

మేకలావిడ గుమ్మంలోంచి, "కారు తాళాలు లోపల బల్ల మీదున్నాయి. మీరు ఇంటికెళ్తానంటే తెచ్చిస్తా," అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

భార్య మేకపిల్ల మూతి తుడిచి అంది. "ఆ దారి నేనింకా చూడనేలేదు. రేపు మళ్ళీ వెళ్తా. వస్తే రండి. కానీ నా వెనక."

మర్నాడు ఆవిడ ముందు, అతను వెనక. రెండో కర్ర దాటడానికే గంట పట్టింది. నాచు చూసింది, నత్త చూసింది, నత్త పోయిన దారి చూసింది. అతను చేతులు చంకల్లో బిగించుకుని గడ్డిపోచలు లెక్కపెట్టాడు. నాలుగొందల దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. పాదాలు ముందుకి లాగుతుంటే ఒక కాలితో రెండో కాలిని తొక్కిపట్టాడు. మూడో కర్ర దగ్గర ఆవిడ ఏకంగా నడుం వాల్చింది.

"దీపస్తంభం దాకా వెళ్తామా ఇవాళ?" గొంతు వీలైనంత మెత్తగా చేసుకున్నాడు.

"తెలీదు."

"సరే. తెలీదు." గడ్డిపోచ ఒకటి పీకి, "మీ అక్కకి ఫోను చేశావా?"

"లేదు."

అతను ఊపిరి వదిలాడు. ఆవిడ కళ్ళు మూసుకునే అంది. "మేకలావిడతో ఇంకో రెండు రోజులుంటామని చెప్పండి."

"ఇద్దరమా?"

"రాత్రంతా అటూ ఇటూ దొర్లి మంచం కిర్రుమనిపించకుండా ఉంటానంటే, ఇద్దరమే."

"దొర్లను," అన్నాడు.

అది పచ్చి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆవిడ లేచి చీర దులుపుకుని నాలుగో కర్ర వైపు నడిచింది. అతను ఒక అడుగు వేసి ఆగాడు. ఆవిడ నడిచింది. అతను ఇంకో అడుగు వేశాడు.