కప్పు తీసిన కారులో కుడివైపు సీటు

కప్పు లేని కారు కొనాలా వద్దా అని కప్పులో టీ ఊదుకుంటూ తేల్చుకునేవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను, లేదులే, కారుకి కప్పుంది, నల్లటి గుడ్డ కప్పు, రెండు గొళ్ళేలు తీసి వెనక్కి మడిస్తే ఆకాశం, ముందుకు లాగితే గొడుగు, నా తలకైతే ఆ సదుపాయం కూడా లేదు, ఎప్పుడో వెనక్కి మడతపడ్డ జుట్టు మళ్ళీ ముందుకు రానేలేదు, అందుకే ఇంకెన్ నిన్న రాత్రి అన్నది, నీకు గాలి తగలడమే కావాలంటే టోపీ తీసి సముద్రపు గట్టు మీద నిలబడు ఒన్నో, చవగ్గా పోతుంది, ఒన్నో అంటే నేను, ఇంకెన్ అంటే నా భార్య, ఇప్పుడు నా పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఈ షెడ్డులో ఉన్నవన్నీ చూస్తోంది, పారలు చూస్తోంది, చేపల వల చూస్తోంది, గోడకి వేలాడే సైకిలు చూస్తోంది, కారొక్కటే చూడడం లేదు, నడుము నొప్పిగా ఉన్నప్పుడు కూడా ఇలాగే డాక్టరు తప్ప అందరికేసీ చూస్తుంది, ఆ కారేమో ఆకుపచ్చగా, నేలకి అతుక్కుని, చెరువుగట్టున కూర్చున్న కప్పలా ఉంది, కప్ప మీద కప్పు, దాని యజమాని పేరు హబ్బో, కారు చూసి నేనన్నది అబ్బో, ఆయన పొంగిపోయి నన్ను పిలిచారేమో అనుకుని చెప్పండి అన్నాడు.

హబ్బోగారు ఎందుకు అమ్ముతున్నారంటే ఆ కారులో ఆయన కూర్చోగలరు గానీ లేవలేరు, నిరుడు వేసవిలో రొట్టెల దుకాణం ముందు ఆపి లేవబోతే తుంటి పట్టేసిందట, దుకాణంలో అమ్మాయిలిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని ముల్లంగి పీకినట్టు పీకారట, నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు, ఎక్కడం తేలికే బాబూ దిగడమే కష్టం అని కారు బానెట్టు నిమిరాడు, ఆవుని నిమిరినట్టు, టీ మాత్రం గట్టిది, కలకండ ముక్క మీద వేడి టీ పడగానే చిటుక్కుమంది, అంచు వెంట మీగడ జారవిడిచాడు, కలపకూడదు, కలిపితే మా వైపు పుట్టలేదని అనుకుంటారు, మూడు కప్పులు తాగకుండా లేవకూడదు, ఒకటో కప్పులో వాతావరణం, రెండో కప్పులో తుంటి, బేరం సంగతి మూడో కప్పుకి ముందు ఎత్తితే ముఖం ముడుచుకుంటారు, నేను రెండో కప్పులోనే తప్పు చేశాను, ఒక్కసారి సందు చివరిదాకా తిప్పి చూద్దామా అన్నాను, హబ్బోగారు టీ కుండ కింద పెట్టేశాడు, ఏమండీ, ఇంకా మార్చి కదా అన్నాడు, నంబరు పలక చివర నాలుగు, దాని కింద పది, అంటే ఏప్రిల్ నుంచి అక్టోబరుదాకానే దానికి రోడ్డు, మిగతా నెలలు కారుకి ఎలుగుబంటి నిద్ర, పన్నూ బీమా కలిసొస్తాయని మా వాళ్ళందరూ ఇలాగే పెట్టుకుంటారు, గీత దాటితే పోలీసులు కాదు ముందు పక్కింటివాళ్ళే ఫోను చేస్తారు, ఈ నియమం నా నోటితో ఎంతమంది పిల్లలకి నూరిపోశానో, నేను డ్రైవింగ్ మాస్టర్ని, ఇంకెన్ కప్పు పెదవుల దగ్గరే ఆపి, మాస్టారికి లైసెన్సుంది హబ్బోగారూ, సెన్సే ఇంకా అచ్చు కాలేదు అంది, ఆ జోకు నాది, నేను పిల్లల మీద వేసేది, నా ఆయుధం నామీదే పేలింది.

పేలనీ, అదే ఇవాళ ఆమె వేసిన మొదటి జోకు, అది వినగానే ఎక్కడో బిగుసుకున్నది కొంచెం సడలింది, మళ్ళీ వెంటనే బిగుసుకుంది, ఎందుకంటే ఈ నెలతో నా ఉద్యోగం సరి, ఆఖరి శిష్యురాలు నిన్ననే పాసయింది, పువ్వులిచ్చి ఏడ్చి వెళ్ళిపోయింది, ఇక వచ్చే నెలనుంచి పొద్దున్న లేస్తే నేనూ ఇంకెనూ ఒకే ఇంట్లో, సాయంత్రందాకా, ఒకే కారులో అరగంట కూర్చోలేని ఇద్దరం, అది అతిశయోక్తి కాదు, మా మేనకోడలి పెళ్ళికి ఎమ్డెన్ ఊరిదాకా రెండు కార్లలో వెళ్ళాం, ఆవిడ ముందు, నేను వెనక, మధ్యలో నేను లైట్లు కొట్టి సైగ చేశాను, ఇండికేటరు ఆపడం మర్చిపోయిందని, పెళ్ళింటి దగ్గర దిగి అందరి ముందూ పెళ్ళికూతురితో అంది, నా వెనక ఎవడో పిచ్చివాడు పడ్డాడు, నంబరు రాసుకున్నాను, మీ మావయ్యదే అని, అందరూ నవ్వారు, నేనే ఎక్కువ నవ్వాను, గట్టిగా నవ్వడం నాకు అలవాటు, లోపల ఏదైనా గుచ్చుకుంటే ఇంకా గట్టిగా నవ్వుతాను, అసలు సంగతి కాలు, నా కుడి కాలు, నడిపేవాళ్ళది ఎడమ సీటు, ఆ ఎడమకీ నాకూ ఎప్పుడూ ఎడమే, నా బతుకంతా కుడి సీటులో, నా పాదం కింద ఇంకో బ్రేకు ఉండే కారులో, పక్కవాడు తడబడితే నేను తొక్కాలి, కాలం అంతా కాలితోనే గడిచింది, ఆ కాలు ఇంటికొచ్చాక కూడా మాస్టారే, బస్సులో తొక్కుతుంది, సినిమాలో తొక్కుతుంది, ఇంకెన్ కారులో నా వైపు రబ్బరు చాప అరిగి చిల్లు పడింది, ఇంకెన్ బాగా నడుపుతుంది, నాకంటే నున్నగా నడుపుతుంది, అయినా నేను ఎక్కగానే తాళంచెవి నా ఒళ్ళో పడేసి నువ్వే కానీ అంటుంది, తర్వాత అది కూడా అనడం మానేసి రైలెక్కడం మొదలుపెట్టింది, అందుకే ఈ రెండు సీట్ల కారు, నా తెలివి, మూడోవాడికి చోటు లేని చోట ఇద్దరం సర్దుకుంటాం అని, మనిద్దరికీ అని చెప్పాను, ఆమె హ్మ్ అంది, మనిద్దరం అన్నప్పుడు ఎవరు నడుపుతారో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు, నడివయసులో నడిపే వయసు తెచ్చుకుందామని మురిసిపోయాను గానీ ఆ హ్మ్ నా చెవిలో మేకులా ఉండిపోయింది, ఈ కారు కూడా ఆమె ఎక్కకపోతే, రేపు ఈ ఇల్లు కూడా ఆమెకి ఇరుకైపోతే, హూసుమ్‌లో వాళ్ళక్క ఇంట్లో పైగది ఖాళీగానే ఉంది, ఆ గది గురించి ఈ మధ్య రెండుసార్లు మాట్లాడింది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట.

హబ్బోగారు అన్నాడు, నడిపి చూడ్డం కుదరకపోతే ఏం, కూర్చుని చూడండి, కప్పు తీస్తానుండండి, మా వాళ్ళకి అది మామూలే, సోఫా కొనేముందు కూర్చుంటాం, పరుపు కొనేముందు దుకాణంలోనే బూట్లతో సహా పడుకుని కళ్ళు మూసుకుంటాం, కారైనా అంతే, వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు ముందు లాగాలి, లాగకుండా మడిస్తే చలికి పటుక్కుమంటుంది అంటూ ఆయన బిడ్డకి చొక్కా విప్పినంత జాగ్రత్తగా లాగాడు, కప్పు వెనక్కి వాలింది, షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది, బయట పొలాలు, కాలవ, గాలి, నేను తలుపు తీసుకుని దిగబడ్డాను, పడిపోయాను అనాలి, అంత కిందకుంది, చేతులు చాచి స్టీరింగు కోసం వెతికాను, స్టీరింగు లేదు, గ్లవ్ పెట్టె ఉంది, ఏమండీ స్టీరింగు అటువైపుంది అన్నాడు హబ్బోగారు మెల్లగా, దొంగతనం చేయబోయి తలుపు తప్పినవాణ్ణి చూసినట్టు చూస్తూ, కొనేవాణ్ణి నేను, నడపబోయేవాణ్ణి నేను, అలవాటుగా కుడి తలుపే తీశాను, ఎవరూ నవ్వకముందే గట్టిగా నవ్వుదామని నోరు తెరిచాను, ఈలోగా ఇంకెన్ లేచింది, కప్పు పీట మీద పెట్టింది, చుట్టూ నడిచి వచ్చి ఎడమ తలుపు తీసి, స్కర్టు సర్దుకుని, స్టీరింగు వెనక కూర్చుంది, మాస్టారూ నా పేరు ఇంకెన్, ఇది నా మొదటి పాఠం, మరీ గద్దించకండి, నాకు కన్నీళ్ళు త్వరగా వస్తాయి అంది, హబ్బోగారికి ఏమీ అర్థం కాక మూడో కప్పుకి నీళ్ళు మరగబెట్టుకొస్తానని ఇంట్లోకి పోయాడు, తీసిపెట్టిన కారు బ్యాటరీ కూడా వంటింట్లోనే ఉందట, స్టవ్వు పక్కన వెచ్చగా.

అద్దం సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది, నిలిచి ఉన్న కారులో బెల్టు, నేనూ పెట్టుకున్నాను, పెట్టుకోకపోతే నాకే బాగోదు, క్లచ్ తొక్కి గేరు వేసింది, బయల్దేరాం అంది, ఎక్కడికి అన్నాను, ఎక్కడికని అడిగితే బయల్దేరను, దిగిపోతాను అంది, స్టీరింగు తిప్పింది, సందు దాటాం, చర్చి దాటాం, ఎడమవైపు తిరుగుతున్నా, సైకిలు మీద పాలవాడి అమ్మ, ఆగాను, వెళ్ళండమ్మా, వెళ్ళింది, ఇప్పుడు గట్టు మీద రోడ్డు, గాలి, నీ టోపీ పట్టుకో, నేను నిజంగానే తల మీద చెయ్యి పెట్టుకున్నాను, అక్కడ టోపీ లేదు, ముందు ట్రాక్టరుంది, దాటేస్తున్నా, ఆ మాటకి నా కుడి కాలు చాపమీద ధడాలున దిగింది, మొత్తం బరువుతో, మోకాలు జివ్వుమంది, ఇంకెన్ స్టీరింగు వదిలేసి నా కాలికేసి చూసింది, తర్వాత నాకేసి, పార్కు చేసిన కారుకి బ్రేకు తొక్కావు ఒన్నో, బ్యాటరీ లేని కారుకి, షెడ్డులో, అంది, ఎగతాళిగా అంటుందనుకున్నాను, అనలేదు, జ్వరం వచ్చినవాడి నుదురు చూసినట్టు చూసింది, నీకిది ఎప్పుడూ ఇంతేనా, ప్రతి మలుపులో ఇలాగేనా, నామీద నమ్మకం లేక అనుకున్నాను ఇన్నాళ్ళూ, నేను సరిగ్గా నడపననుకుంటున్నావనుకున్నాను అంది, కాదే, అది నీ గురించి కానేకాదు, నా కాలికి నువ్వెవరో తెలియదు, పక్కన ఎవరున్నా దానికి వాడు పాసవని కుర్రాడే, మూర్ఖపు కాలు, ఎన్ని జోకులు చెప్పినా నవ్వదు, ఇదంతా నేను పైకి అన్నానో లోపల అనుకున్నానో నాకే తెలియలేదు, అన్నట్టే ఉన్నాను, ఎందుకంటే ఆమె కళ్ళు తుడుచుకుని, ముందే చెప్పి ఏడవచ్చుగా ముసలాడా అంది, ముక్కు చీదింది, స్టీరింగు మళ్ళీ పట్టుకుంది.

ట్రాక్టరు దాటేశాంలే, నువ్వు చూసుకోలేదు అంది, ఇప్పుడు నెమ్మదిగా పోతున్నాం, కుడిపక్కకి చూడు, రోడ్డు కాదు, పక్కకి, తూము దగ్గర కొంగ, ఏ కొంగ అన్నాను, బూడిదరంగుది, గురువారాలు నేనొక్కదాన్నే వెళ్ళేప్పుడు ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఒంటికాలి మీద అంది, ఆ రోడ్డులో నేను ఎన్ని వేలసార్లు పోయానో, ఆ తూము దగ్గర ముప్పై కిలోమీటర్ల వేగం పలక ఉందని తెలుసు, పలక వెనక కంచె వంగి ఉందని తెలుసు, కొంగ తెలియదు, ఎంతెత్తుంటుంది అన్నాను, నీ అంత కోపిష్టిది, నీకంటే సన్నగా ఉంటుంది అంది, తర్వాత గొర్రెలు వచ్చాయి, గట్టు వాలులో, గొర్రెపిల్లలు తల్లుల కింద దూరుతున్నాయి, తర్వాత ఎవరి పెరట్లోనో ఆరేసిన ఎర్ర దుప్పటి, అది గాలికి మడతపడి ఇద్దరు కూర్చున్నట్టుంటుందట, అవునా అన్నాను, అవును, చాలాసార్లు నీకు చెబుదామనుకున్నాను, నువ్వు రోడ్డు మీద ఉండేవాడివి, ఇంకెన్, ఇంకెన్ని దాచావు అన్నాను, చాలా ఉన్నాయి, పెట్రోలు అయిపోతుంది అంది, షెడ్డు తలుపులోంచి గాలి వచ్చి నా బోడితల మీదుగా పోయింది, చల్లగా ఉంది, హాయిగా ఉంది, నాకు కుడి పక్కకి చూడ్డం రాలేదు మొదట, మెడ తిరగలేదు, తర్వాత తిరిగింది, గోడకి వేలాడే చేపల వల కనిపించింది, దాని కన్నాల్లోంచి గొర్రెలు కనిపించాయి, ఒట్టు, కనిపించాయి, భుజాలు ఎప్పుడు దిగాయో తెలియదు, దవడ ఎప్పుడు వదులైందో తెలియదు, నెల నెలా ఎవరో నా మెడ మీద పెట్టి వెళ్ళిన మూటలు ఒక్కొక్కటీ ఆ గట్టు కింద దొర్లిపోతున్నట్టుంది, ఇప్పుడు మలుపా అని కూడా అడగలేదు, మలుపు వస్తే వస్తుంది, ఆమె తిప్పుతుంది.

హబ్బోగారు వేడి కుండతో వచ్చి మమ్మల్ని బెల్టుల్లో చూసి గుమ్మంలోనే ఆగాడు, ఇద్దరికీ సరిపోయిందా అన్నాడు, సరిపోయింది తీసుకుంటాం, కాగితం ఆవిడ పేరున రాయండి అన్నాను, ఇంకెన్ తిరిగి నాకేసి చూసింది, ఈసారి హ్మ్ అనలేదు, ఈ చలిలో నాకు తలకి గుడ్డ కావాలి, నీకు టోపీ కావాలి, ఏప్రిల్ ఒకటిన వస్తాం అంది, ఏప్రిల్ ఒకటినా, నవ్వులాటకి కాదు కదా అని హబ్బోగారు అనుమానంగా అన్నాడు, కాదండీ అని ఇద్దరం ఒక్కసారే అన్నాం, ఆయన కుదుటపడి మూడో కప్పు పోస్తూ, ఆ రోజు ఇక్కణ్ణుంచి ఇంటికి గట్టు మీదుగా పోతారా, పెద్దరోడ్డు పట్టుకుంటారా, ఈ కారుకి కొత్తవాళ్ళకి గట్టు మంచిది అని నావైపు చూశాడు, నేను జవాబుకి నోరు తెరిచాను, ఈ జిల్లాలో ఏ దారి అడిగినా నా నోట్లో ఉంటుంది, ఎక్కడ ఏ పలక, ఎక్కడ ఏ గుంట, అన్నీ ఉంటాయి, అయినా దారి నాకు తెలియదు, ఆవిణ్ణి అడగండి అన్నాను, అంటుంటే అర్థమైంది, ఇన్నేళ్ళుగా నాకు భయం వేసింది ఆమె నడుపుతున్నందుకు కాదు, పక్కన ఊరికే కూర్చుంటే నేను ఎందుకూ పనికిరానేమో అని, ఇప్పుడు ఊరికే కూర్చుని ఉన్నాను, ఆమె పక్కనే ఉంది.