గోడ వైపు తిప్పిన అమ్మ

పొద్దున్నే పాత కాన్వాసులకు సుద్దా జిగురూ కలిపిన పూత వేసుకోవడం అక్కకు ముప్పై ఏళ్ల అలవాటు. ఒక పూత నిలువుగా, అది ఆరాక గరుకు కాగితంతో రుద్ది ఇంకోటి అడ్డంగా. అడ్డంగా వేయకపోతే బిగువు రాదని కాలేజీలో మాస్టారు చెప్పేవారు. ఆయన చెప్పినవాటిలో జీవితంలో పనికొచ్చింది అదొక్కటే. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

కొత్త కాన్వాసుల అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఆమె బొమ్మలు మనసుపెట్టి చూస్తే సబ్బుబిళ్లలా అరిగిపోతాయి. మొదటి ప్రదర్శనకు వచ్చినవాళ్లు కన్నార్పకుండా చూశారు. వారం తిరిగేసరికి పన్నెండు కాన్వాసులూ తెల్లగా మిగిలాయి. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఆ తర్వాత పిలుపులు తగ్గి, ఆగిపోయాయి.

మిగిలింది అమ్మ బొమ్మ ఒక్కటే. అమ్మకు ఫొటో లేదు. అందుకే దాన్ని గోడ వైపు తిప్పి, అక్కాచెల్లెళ్లు ఏడాదికోసారి మూడు ఊపిర్ల సేపు మాత్రం చూసుకునేవారు. ఈ వేసవి దాటితే అక్కకు చూపు ఉండదని డాక్టరు చెప్పేశాడు.

గ్యాలరీ ఆయన వచ్చాడు. "మేడం, చివరి అవకాశం. మీ చదువూ ప్రదర్శనలూ గోడ మీద రాయిద్దాం. బొమ్మలెన్ని ఉన్నాయి?"

"ఒకటి."

ఆయన వెళ్లగానే కుట్టుమిషను ఆపి చెల్లెలు లేచింది. "మనకి మూడు ఊపిర్లు, ఊరందరికీ ఏడు రోజులా?"

"నాకు చూపు పోయాక అది ఎటు తిరిగుంటే ఏంటే? నలుగురి కళ్లలోనైనా ఉంటుంది."

"నాకు కళ్లున్నాయి కదా అక్కా!"

"నీ కళ్లా! సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటావిడని పిలుస్తావు."

గ్యాలరీలో ఏడు రోజులూ అక్క బొమ్మకు వీపు తిప్పి కూర్చుంది. అడుగుల చప్పుడు వచ్చేది, ఫోను క్లిక్‌మనేది, అడుగులు సాగిపోయేవి.

చివరి రోజు గ్యాలరీ ఆయన బొమ్మ దించాడు. అమ్మ నెరిసిన జుట్టులో ఒక్క పోగు కూడా చెరగలేదు.

"నాలుగు వందల మంది వచ్చారు మేడం," అన్నాడు, నేలకేసి చూస్తూ. మళ్లీ పెడదామని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చాక చెల్లెలు బొమ్మను కిటికీ పక్కన, తమ వైపు తిప్పి పెట్టింది. "ఊపిర్లు లెక్కపెట్టనా?"

"వద్దు. కూర్చో."

బొమ్మలో ముందు చెవి పోయింది, తర్వాత చెంప.

"నుదురు నువ్వు చూడక్కా. గడ్డం నాకు వదిలెయ్."

పొద్దువాలేసరికి కాన్వాసు తెల్లగా ఉంది. అక్క చేత్తో తడిమింది.

"పూత చెక్కుచెదరలేదే. అడ్డంగా వేశాను కదూ," అంది.