కడిగిన కూర

కూర కడిగితే రైతు కాదట! ఈ ముక్క మొదటిసారి విన్నప్పుడు ఫక్కున నవ్వేశాను. నవ్వినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

నాదర్‌గుల్ దాటాక ఉన్న మా మూడెకరాల్లో నేనూ, మా అత్త అండాలమ్మా పాలకూర, తోటకూర, గోంగూర పండిస్తాం. మా ఆయన మహిపాల్ తెల్లవారగానే వాటిని ట్రాలీ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లి కోచింగ్ పిల్లల హాస్టళ్లకు వేస్తాడు. ఒకసారి పప్పులో ఇసుక తగిలిందని పిల్లలు గొడవ చేశారు. హాస్టల్ నడిపే ఉదయలక్ష్మి గారిది కోస్తా. మాట మెత్తన, పట్టు గట్టిది.

"చూడు అరుణజ్యోతీ, ఇకనుంచి కడిగి పంపితేనే తీసుకుంటానమ్మా. మా వంటమనిషి ఒక్కతే ఎన్ని కట్టలని కడుగుతుంది చెప్పు?" అంది.

సరే అన్నాను. బోరు నీళ్లు పడే చోట రెండు టబ్బులు పెట్టి, ఎండ తగలకుండా పైన రేకులు వేశాం. నీళ్లు ముందు టబ్బుల్లో పడతాయి. అక్కడ కూర కడుగుతాం. అవే నీళ్లు పొంగి కాలువలోంచి మడుల్లోకి పోతాయి. కూర కడగడానికని మోటారు ఒక్క నిమిషం కూడా ఎక్కువ తిరగదు.

ఆ రేకులే మా కొంప ముంచాయి. కరెంటు ఆఫీసు నుంచి సాయినాథ్ అనే ఆయన తనిఖీకి వచ్చాడు. షెడ్డు చూశాడు, టబ్బులు చూశాడు, కాటా చూశాడు.

"ఇది వ్యవసాయం కాదమ్మా. కడుగుతున్నరు, తూకమేస్తున్నరు, సప్లై చేస్తున్నరు. కమర్షియల్ కిందికొస్తది, రైతులకిచ్చే ఫ్రీ కరెంటు రాదు. కనెక్షన్ మార్చుకోండి, లేకుంటే సోమవారం లైన్ కట్."

"పండించేది మేమే గద సార్?" అని ఫక్కున నవ్వాను.

"పండిస్తే రైతు. అమ్మకానికి తయారు చేస్తే వ్యాపారం."

"అమ్మకుంటే పండించుడెందుకు? మూడెకరాల తోటకూర మేమే తినాల్నా?"

ఆయన గొంతు తగ్గించాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? టబ్బులు తీసేయండి. వ్యవసాయమనే రాస్త."

"మేము అడుసు తొక్కకుంటే మీ ఇంట్ల కూరెక్కడిది సార్?" అన్నాను. ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు నడి ఎండాకాలం. రెండు రోజులు నీళ్లు పారకపోతే పాలకూర మడుల్లోనే మాడిపోతుంది. పోనీ కమర్షియల్ రేటు కడదామంటే మాకు మిగిలేది మట్టే. టబ్బులు తీసేస్తే హాస్టళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

"తీసేద్దాం బిడ్డా," అంది అత్త. "సర్కారోళ్లతోటి లొల్లెందుకు? నీళ్లు బందయితే తోటంత పోతది."

మహిపాల్ కూడా తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

"నేను తియ్య అత్తమ్మా. దొంగతనం చేస్తున్నమా, దాచిపెట్టనీకి?"

సోమవారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో సాయినాథ్ కూర్చునే ఆఫీసుకు పోయాను. నేనెక్కడ నోరు పారేసుకుంటానో అని అత్త కూడా వెంట వచ్చింది.

"లైన్ తీసేటట్టయితే కారణం రాసియ్యండి సార్," అన్నాను. "'ఈమె పాలకూర కడిగింది, గందుకే రైతు కాదు' అని రాసి సంతకం పెట్టండి. దాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాల కడతా."

ఆఫీసులో తలలన్నీ మావైపు తిరిగాయి. సాయినాథ్ పెన్ను తీశాడు. కాసేపు పట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, నువ్వన్న చెప్పు నీ కోడలికి. గింత మొండితనమా?" అన్నాడు అత్తతో.

టబ్బులు తీసేస్తామని అత్త ఎక్కడ ఒప్పుకుంటుందో అని భయపడ్డాను. అత్త కొంగు నడుముకు చుట్టి ముందుకొచ్చింది.

"మా ఆయన బతికినన్ని దినాలు మట్టితోటే కూర మోసిండు సారూ. మట్టున్నదని దళారి ధర కోసిండు. గింత బురద తెచ్చినవేందిరా అని పదిమందిల తిట్టిండు. ఇయ్యాల నా కోడలు కడిగి పంపుతున్నది. కడిగితే రైతు కాదంటున్నరు. మట్టుంటే ధర లేకపాయె, మట్టి లేకుంటే కరెంటు లేకపాయె. రైతనేటోడు ఎట్లుండాల్నో మీరే చెప్పుండ్రి, అట్లనే ఉంటం."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాయినాథ్ మా మొహాలు చూడకుండా, "పైకి రాస్త. జవాబొచ్చేదాక లైన్ తియ్యం," అన్నాడు.

"కడుగుతున్నరని కూడ రాయి సారూ. మేం ఆపం," అంది అత్త.

జవాబు ఇంకా రాలేదు. రేపు వచ్చి లైన్ పీకినా పీకుతారు. అత్త మాత్రం ఆ రోజు ఇంటికి రాగానే బోరుకు పైపు తగిలించి టబ్బులను రేకుల కిందినుంచి రోడ్డువైపుకు జరిపించింది. కడిగే పని ఇప్పుడు ఆమెదే, నన్ను దగ్గరికి కూడా రానివ్వదు. దూరాన జీపు కనబడితే చాలు, కట్ట పైకెత్తి నీళ్లు చిమ్మేలా జాడిస్తుంది.

"చూడనీ," అంటుంది.