పక్కింటి ఎండ

మా ఎడారి ఊరు గర్దాయాలో పక్కింటి ఎండకు అడ్డుగా ఎవరూ గోడ లేపరు. ఎంత కలిగినవాడైనా సరే, తరాలుగా వస్తున్న కట్టుబాటు అది. దాన్నే నేను కంప్యూటర్ ఆటలోకి తెచ్చాను. దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకునే ఆట. డబ్బు కట్టక్కర్లేదు, లోపలి కోడ్ ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. పొరుగు డాబా మీద నీడ పడేలా దిమ్మె పెడితే ఆట ఒప్పుకోకుండా ఒక చేర్పు రాశాను.

నలభై ఏళ్లుగా గోడలు కడుతున్న మా హమ్ము మామయ్య ఇది కూడా కట్టుబడి పనే అని ఒప్పుకోవాలి. నాకు కావలసింది అంతే. ఆయనేమో బొమ్మరిళ్లంటూ కొట్టిపారేస్తాడు.

శుక్రవారం నమాజు అయ్యాక డాబా మీద పుదీనా టీ తాగుతూ ఆయన చేతికి మౌస్ ఇచ్చాను. ఊరుకుంటాడా! ఒక ఇంటికి సరిగ్గా దక్షిణాన గోడ మొదలుపెట్టాడు. ఐదు, పది, ఇరవై దిమ్మెల ఎత్తు. ఆట కిక్కురుమనలేదు.

"నీ చట్టం గుర్రుపెట్టి నిద్రపోతోందే అమ్మాయ్!"

మా అన్న దావూద్ పగలబడి నవ్వాడు. "అయితే బాయా, రేపు నేను మినారే లేపేస్తా!"

నాకు ఏడుపొచ్చింది. మామయ్య మాత్రం తెరకు ముక్కు ఆనించి, ఆటలో గబగబా దొర్లిపోయే రోజులను చూస్తున్నాడు.

"ఇదేం సూర్యుడే? ఏడాది పొడుగునా నడినెత్తి మీదే పోతున్నాడు! చలికాలంలో మనవాడు దక్షిణానికి వాలి కదా నడిచేది? నేల విడిచి సాము చేశావు."

నిజమే. పుట్టినప్పటినుంచి ఆ నీడల్లోనే తిరుగుతూ, ఆట ఇచ్చిన సూర్యుణ్ణి గుడ్డిగా నమ్మేశాను.

"ఎంత వాలుతాడు మామయ్యా?"

"నడి చలికాలం, మిట్టమధ్యాహ్నం కర్ర నిలబెట్టు. నీడ దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. నాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పిన లెక్క, రాసుకో."

రాసుకుని కోడ్ మార్చాను. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగో దిమ్మె దగ్గర తెర మీద ఎర్రగా అక్షరాలు వచ్చాయి: పక్కింటి ఎండ. ఇంకోసారి నొక్కాడు. ఊహూఁ.

"ఒరే దావూదూ, నన్నే ఆపేసిందిరా!" అంటూ తొడ చరుచుకుని నవ్వాడు. నా కడుపు నిండిపోయింది.

చేర్పును అందరికీ పంచేముందు చేసినవాళ్ల పేర్లు రాయడం ఈ ఆటలో ఆనవాయితీ. 'హమ్ము, మేస్త్రీ' అని కొట్టాను. మామయ్య చదివి తల అడ్డంగా ఊపాడు.

"కట్టింది నువ్వైతే నా పేరొక్కటేంటే? ముందు 'బాయా, మేస్త్రీ' అని రాయి. నాది కింద."

నా పేరు నేనే రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి ఆయనే పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చెప్పాడు.